తప్పెవరిదో చెప్పని మనిషికి డబ్బెందుకు?

"నాలుగు వారాలు డబ్బు కట్టినానక్కా. తప్పు నాదా, మా అత్తదా అని ఒక్కసారైనా చెప్పిందా అంటే లేదు. ఊరికే వింటుంది. 'అప్పుడు మీకేమనిపించింది?' అంటుంది. ఆ మాత్రం వినేదానికి మా పక్కింటామె లేదా?"

పోయిన వారం స్టాఫ్ రూములో మా కెమిస్ట్రీ మేడమ్ అన్న మాట ఇది. పేపర్లు దిద్దుతూ, చేతిలో ఎర్ర పెన్ను దించకుండానే అంది. ఫోన్లోంచి ఆ కౌన్సెలింగ్ యాప్ తీసేసిందట. మిగిలిన ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రెండేళ్ళ కిందట ఇంచుమించు ఇదే ప్రశ్న నేనూ అడిగాను. జవాబు రాకపోయేసరికి సెషన్ మధ్యలో ఫోన్ కట్ చేశాను కూడా.

ఆమెకు ఏదో చెప్పబోయేలోగా బెల్లు కొట్టేశారు. చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మనం కౌన్సెలింగుకు పంచాయితీకి పోయినట్టు పోతున్నాం. మన వాదన వినిపించి, అవతలి వాళ్ళ తప్పులు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, ఇక తీర్పు చెప్పమని కూర్చుంటాం. ఫోన్లో ఉన్న మనిషి పెద్దమనిషి కాదు. తీర్పు చెప్పకుండా ఉండటమే ఆమె పనిలో సగం. ఆ సగానికే డబ్బు ఇవ్వాలంటాను నేను. ఇంత ధీమాగా ఎందుకంటున్నానంటే, నాకు తీర్పు దొరికింది. అదీ మామూలు చోట కాదు, కాణిపాకంలో.

ఆరు సవర్ల గాజులు

మా మామ పోయాక అత్తమ్మ ఐరాల దగ్గరి పల్లె విడిచి తిరుపతికి, కొర్లగుంటలో మా ఇంటికి వచ్చింది. ఊళ్ళో మూడెకరాల మామిడి తోట ఉంది, అన్నీ తోతాపురి చెట్లు. కౌలు డబ్బు ఎవరు తీసుకోవాలి, అమ్మితే ఎవరికెంత అని అన్నదమ్ముల మధ్య తగాదా. ఇది చిత్తూరు జిల్లాలో ఏ ఇంట్లోనైనా ఉండేదే, వివరాలు అక్కర్లేదు.

ఆ రోజుల్లోనే అత్తమ్మ గాజులు కనపడకుండా పోయాయి. ఆరు సవర్లు. బీరువా తాళాలు రెండు, ఒకటి ఆమె దగ్గర, ఒకటి నా దగ్గర. చిత్తూరు నుంచి ఆడబిడ్డ వచ్చింది. హాల్లో అందరి ముందూ నిలబడి, "కాణిపాకం పోదాం. తీయలేదని సామి ముందర చెప్పమను. చెప్పితే ఈ జన్మలో ఇంక అడగను" అంది.

ఆ మాటకు ఉన్న బరువు మన వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. అప్పు ఎగ్గొట్టిన వాడి దగ్గర్నుంచి రాజకీయ నాయకుల దాకా "కాణిపాకం వస్తావా?" అనేదే ఆఖరి సవాలు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి అబద్ధం చెప్పాలంటే మొండివాడికైనా గొంతు పెగలదు. అక్కడ ప్రమాణం చేసి తాగుడు మానేసిన వాళ్ళు మా చుట్టాల్లోనే ఇద్దరున్నారు. నేను దాన్ని తీసిపారేయను. కొన్ని తగాదాలకు అంత త్వరగా, అంత చవగ్గా తేలే దారి ఇంకోటి లేదు.

పోయాం. ప్రమాణం చేశాను. నిజమే చెప్తున్నాను గనక భయం వేయలేదు. ఆడబిడ్డ అక్కడే చెంపలేసుకుంది. అంటే నేను గెలిచాను. తిరుగు దారిలో కారులో ఒక్కరూ మాట్లాడలేదు. చంద్రగిరి దగ్గర మా ఆయన టీ తాగుదామా అన్నాడు, ఎవరూ దిగలేదు. తడి చీర ప్లాస్టిక్ కవర్లో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. కవరుకు ఎక్కడో చిల్లి ఉంది. నీళ్ళు కారి మ్యాటు మీద మడుగు కట్టాయి. ఇల్లు చేరేదాకా ఆ మడుగునే చూస్తూ కూర్చున్నాను.

ప్రమాణం అబద్ధాలాడే వాళ్ళను పట్టిస్తుంది. మా ఇంట్లో ఎవరూ అబద్ధమాడటం లేదు. గాజులు పోయాయని అత్తమ్మ అన్నది నిజం. నేను తీయలేదన్నది నిజం. వాళ్ళమ్మకు నా ఇంట్లో విలువ లేకుండా పోయిందని ఆడబిడ్డ అనుకోవటం, ఆమె వైపు నుంచి చూస్తే అదీ నిజమే. అందరూ నిజమే చెప్తున్న ఇంట్లో తీర్పు ఎవరికి కావాలి? సాక్షాత్తూ వినాయకుడే నా పక్కన నిలబడిన రోజు నుంచి నాకు నిద్ర పట్టటం మానేసింది.

గాజుల సంగతి అడుగుతారేమో. ఇప్పటికీ తేలలేదు.

చుట్టాల ఊళ్ళో తలుపు వేసుకోవటం

రుయా ఆస్పత్రి మా ఇంటి నుంచి ఆటోలో ఎంతో దూరం కాదు. అక్కడ మానసిక వైద్యుల ఓపీ ఉంది. అయినా పోలేదు. నా భయం డాక్టరంటే కాదు, చీటీ కోసం నిలబడే లైనంటే. ఆ లైన్లో మా కాలేజీ పిల్లల తల్లిదండ్రులుంటారు, మా వీధి వాళ్ళుంటారు. "ఏమ్మా, ఈడికొచ్చినావే?" అని ఒకరు పలకరిస్తే చాలు, సాయంత్రానికి ఆ మాట చిత్తూరు చేరుతుంది. ఒక రోజు స్కూటరు మీద గేటు దాకా పోయి, బయట చెరకు రసం తాగి తిరిగొచ్చేశాను.

కొండకు నడిచి పోతే మనసు కుదుటపడుతుందన్నారు. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కాను. రెండు రాత్రులు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. మూడో రాత్రి మళ్ళీ మామూలే. అది స్వామి దయా, కాళ్ళ నొప్పులా అని ఇప్పటికీ నాకు అనుమానమే.

ఒక రాత్రి రెండు గంటలకు బాత్రూములో కూర్చుని 14416కు ఫోన్ చేశాను. టెలి మానస్ అని, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అవతల నుంచి "చెప్పండమ్మా" అనగానే కట్ చేసేశాను. పది నిమిషాలాగి మళ్ళీ చేశాను. ఇరవై నిమిషాల్లో పదిహేను ఏడుపే. నిద్ర లేక ఎన్నాళ్ళయింది, తిండి తింటున్నారా, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని ఆ అమ్మాయి నాన్చకుండా అడిగింది. నలుగురున్న ఇంట్లో ఆ మూడింట్లో ఒక్కటి కూడా ఎవరూ అడగలేదు. వారం వారం ఒకే మనిషితో మాట్లాడటం మొదలుపెట్టమని చెప్పింది.

అట్లా యాప్ దగ్గరికి వచ్చాను. మొదట దొరికిన మనిషి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పేరు పక్కన కౌన్సెలర్, లైఫ్ కోచ్ అని ఉంది. అరగంటకు 300. "పెద్దవాళ్ళు కదా, అడ్జస్ట్ అవ్వండి, పాజిటివ్‌గా ఉండండి" అంది. రోజూ పొద్దున సూర్యోదయం బొమ్మ మీద ఒక సూక్తి వాట్సాప్‌లో పంపేది. మా చిన్నత్త కూడా అదే బొమ్మ పంపుతుంది, ఉచితంగా. కౌన్సెలర్ అని బోర్డు తగిలించుకోవాలంటే మన దగ్గర పెద్దగా అడ్డేమీ లేదని అప్పుడు తెలిసింది. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐలో, అంటే 1992 చట్టం కింద నడిచే భారత పునరావాస మండలిలో, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరు అడిగితే ముఖం మాడ్చుకునే వాళ్ళకు ఇంటి గుట్టు చెప్పుకోకండి. మందులు రాసే సైకియాట్రిస్టు వేరు, ఆయన ముందు ఎంబీబీఎస్ డాక్టరు.

రెండో ఆమె విశాఖలో ఉంటుంది. నంబరు ఉంది, అడగకముందే చెప్పింది. 50 నిమిషాలకు 1,200. తోటలో కాయ కోసే మనిషికి అది రెండు రోజుల కూలి. నా జీతానికీ తక్కువేం కాదు, అందుకే వారం వారం కాకుండా పదిహేను రోజులకోసారి పెట్టుకున్నాను.

"ఎవరూ లేని గదిలో కూర్చోండి" అని ముందుగా ఒక మెసేజీ వస్తుంది. తిరుపతిలో సొంతిల్లున్న వాళ్ళు ఆ మాట చదివితే నవ్వుకుంటారు. దర్శనానికి వచ్చిన చుట్టాలు లేని రోజులు మా ఇంట్లో నెలకు పదుంటే గొప్ప. హాల్లో సూట్‌కేసులు, గంధం రాసుకున్న గుండ్లు, ఫ్రిజ్ మీద లడ్డూ కవర్లు. మధ్యాహ్నం పూట గది గడియ పెడితే ఐదు నిమిషాలకొకరు "ఒంట్లో బాగలేదామ్మా?" అని తలుపు తడతారు. అందుకని నా సెషన్లన్నీ మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు నీడలో, శనివారం సాయంత్రం ఆరింటికి.

"యాష్ట అంటే ఏంటండీ?"

మూడో సెషన్లో అనుకుంటాను, ఆమె ఎట్లా ఉన్నారని అడిగితే "ఏం లేదండీ, యాష్టగా ఉంది" అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆగి, "యాష్ట అంటే ఏంటండీ?" అంది.

ముందు చిరాకేసింది. 1,200 కట్టి భాష కూడా నేనే నేర్పాలా అనుకున్నాను. సరే, చెప్పబోయాను. కోపం కాదండీ, కోపమైతే అరుస్తాం. ఏడుపూ కాదు. విసుగే గానీ, విసుగు పొద్దునొచ్చి సాయంత్రానికి పోతుంది, ఇది పోదు. చేసిన పనే చేస్తూ, విన్న మాటే వింటూ, దాంట్లో మన మాట చెల్లేది ఏమీ లేదని తెలిసి కూడా మళ్ళీ పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించటం. "ఎవరైనా ఒక్క పూట నా చేతిలో గరిటె లాక్కుని, నువ్వు కూర్చో అంటే పోతుందేమో" అన్నాను. అన్నాక నేనే ఉలిక్కిపడ్డాను. నా బాధంతా గాజులు, ప్రమాణం, ఆడబిడ్డ నోరు అనుకుంటూ వచ్చాను కదా, ఈ గరిటె ఎక్కడిది?

ఆ ప్రశ్న పక్కింటామె అడగదు. మన యాస ఆమెకు తెలుసు గనక "అవునే, నాకూ యాష్టే" అంటుంది. ఇద్దరం కాసేపు తిట్టుకుని, టీ తాగి లేస్తాం. అదీ కావాలి, కాదనను. కానీ ఏమీ తెలియని మనిషి ముందు అన్నీ విడమరిచి చెప్పుకోవాలి. అట్లా చెప్పేటప్పుడు మనం చెప్తున్నది మన చెవినా పడుతుంది.

ఇంకో రోజు ఇంటి పటం గీయమంది. ఫ్యామిలీ థెరపీ వాళ్ళు వాడే పద్ధతి. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు వృత్తం, పడని వాళ్ళ మధ్య వంకర గీత. లెక్కలు చెప్పే దాన్ని కదా, అడిషనల్ షీటు వెనక స్కేలు పెట్టి మరీ గీశాను. నాకూ అత్తమ్మకూ ఒక గీత. నాకూ ఆడబిడ్డకూ ఒకటి. అత్తమ్మకూ తోడికోడలికీ ఒకటి, తోడికోడలికీ నాకూ ఒకటి. షీటు కెమెరాకు చూపించాను.

"తోట తగాదా ఎవరి మధ్య అన్నారు?"

"మా ఆయనకూ మరిదికీ."

"ఆ గీత ఏదండీ?"

చూసుకుంటే నిజంగానే లేదు. రెండు చతురస్రాలూ పక్కపక్కన, తెల్లగా, గీత తగలకుండా ఉన్నాయి. మర్చిపోయానేమో అనుకున్నాను గానీ మర్చిపోలేదు. తోట గురించి ఆ అన్నదమ్ములిద్దరూ ఒక్కసారి కూడా ఎదురెదురుగా పోట్లాడుకోలేదు. కలిస్తే నవ్వుకుంటూ కాఫీ తాగుతారు. వాళ్ళ బదులు నలుగురు ఆడవాళ్ళం గిన్నెల మీద, గాజుల మీద, పండక్కి ఎవరు ముందు ఫోన్ చేయలేదన్న దాని మీద పోట్లాడుకున్నాం. మర్రే బోవెన్ అని అమెరికా సైకియాట్రిస్టు ఒకాయన ఉండేవాడు. ఇద్దరి మధ్య ఒత్తిడి పెరిగినప్పుడు మూడో మనిషిని లాక్కుని త్రిభుజం కట్టుకుంటారని ఆయన సిద్ధాంతం. త్రిభుజాలు ఇరవై ఏళ్ళుగా చెప్తున్నాను, ఈ రకం ఎప్పుడూ చెప్పలేదు.

"అయితే తప్పు మా ఆయనదన్నమాట" అన్నాను, ఆశగా.

"తోట గురించి మీరాయనతో చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?" అంది.

ఫోన్ కట్ చేసింది ఆ రోజే. ఇంత గీయించి, ఇంత చూపించి, ఆ ఒక్క మాట అనటానికి ఆమెకేం పోయిందని రాత్రంతా మండిపడ్డాను. అని ఉంటే ఏం చేసేదాన్నో ఇప్పుడు తెలుసు. మిద్దె దిగి, "సైకాలజిస్టు కూడా నీదే తప్పంది" అని మా ఆయన ముఖాన కొట్టేదాన్ని. ఇంకో కాణిపాకం అయ్యేది.

తర్వాత ఆయన ఒకసారి సెషన్‌కు వచ్చాడు. వచ్చాడంటే, కెమెరాలో మోచెయ్యి మాత్రం కనపడేంత దూరంలో కూర్చున్నాడు. 50 నిమిషాల్లో నాలుగు వాక్యాలు మాట్లాడి ఉంటాడు. అందులో ఒకటి: "నేను ఏ పక్క మాట్లాడినా రెండో పక్కన ఆ పూట అన్నం తినరు, అందుకని ఊరుకుంటా." పధ్నాలుగేళ్ళ కాపురంలో నేను ఆ వాక్యం వినలేదు.

ఒక చెవిన పడిన కథ

ఇదంతా మా నాయనకు చెప్తే, "రచ్చబండ కాడ తెగని తగువు ఫోన్లో ఎట్లా తెగతాదమ్మే? ఆయమ్మకు మీ అత్త మొగమన్నా తెలుసా?" అన్నాడు.

తెలియదు. నా అనుమానాల్లో పెద్దది ఇదే. ఆమెకు తెలిసిన మా అత్తమ్మ నేను చెప్పిన అత్తమ్మ. ఏ రోజు సంగతి చెప్పాలో, ఏది దాచాలో ఎంచుకున్నది నేనే. అత్తమ్మకు యాప్ వాడటం వచ్చి ఉంటే, ఆమె కథ విని కన్నీళ్ళు పెట్టుకునే సైకాలజిస్టు ఇంకెక్కడో దొరికేది. వీడియోలో చేసే చికిత్స డిప్రెషన్‌కూ ఆందోళనకూ ముఖాముఖితో ఇంచుమించు సమానంగా పనిచేస్తుందని చాలా పరిశోధనల్లో తేలింది. సంతోషమే. కానీ అవి ఎక్కువగా ఒక్క మనిషి బాధను కొలిచినవి. అత్త, ఆడబిడ్డ, తోట, గాజులు కలిసిన బాధను ఏ స్కేలుతో కొలుస్తారు?

పైగా, ఇంటివాళ్ళను పక్కనపెట్టి చికిత్స చేయటం ఈ దేశపు పద్ధతి కూడా కాదు. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల ఇంటివాళ్ళను వాళ్ళతో పాటే ఉంచాడు. అంత దూరమెందుకు, చిత్తూరు వాళ్ళు దేనికైనా బస్సెక్కే వేలూరులోనే, సీఎంసీ ఆస్పత్రి వాళ్ళ బాగాయం మానసిక కేంద్రంలో రోగితో ఇంటి మనిషి ఉండటం ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. ఆ లెక్కన చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మిద్దెక్కిన నేను ఇంటిని కింద వదిలేసి పోయినట్టే. దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. అందరూ కలిసి కూర్చుంటే మంచిదే, కానీ కూర్చోమని అనగలిగే స్థితికి ముందు ఎవరో ఒకరు రావాలి కదా అని మాత్రం అనగలను.

పెద్దమనుషుల బలమూ తక్కువ చేయను. తోట వాటాలు చివరికి మా చిన్నమామ కూర్చుంటేనే తేలాయి, స్టాంపు కాగితం మీద. విశాఖ ఆమె అడిగితే మరిది లెక్క చెప్తాడా? చెప్పడు. కాకపోతే ఆ పంచాయితీకి తేదీ అడిగింది మా ఆయన, తన నోటితో, తమ్ముడికి తనే ఫోన్ చేసి. ఆ ఫోను అంతకు ముందు మూడేళ్ళు ఎవరూ చేయలేదు. ఇంకో సంగతి. ఆ పంచాయితీ జరిగినంతసేపూ నా చోటు వంటింటి గడప, నా పని కాఫీలు. నా మాట నా నోటితో పూర్తిగా చెప్పుకున్నది మిద్దె మీదే.

తీర్పు ఇవ్వటమే పనైన కోర్టులు కూడా ఇంటి తగాదాల్లో ఆగి చూస్తాయి. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం తొమ్మిదో సెక్షను ముందు రాజీకి ప్రయత్నించమంటుంది, విచారణ ఆ తర్వాతే. జడ్జీకే అంత నిదానం నేర్పినప్పుడు సైకాలజిస్టు తొందరపడలేదని అలగటం దేనికి?

ఒక్క చోట మాత్రం నేను ఇంతసేపూ చెప్పిందంతా వెనక్కి తీసుకుంటాను. చెయ్యి చేసుకునే ఇల్లు. అక్కడ తప్పెవరిదో చెప్పాలి, ఆ రోజే చెప్పాలి. కొట్టేవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వీడియోలో భార్య మనసు విప్పలేదు, విప్పితే ఫోన్ పెట్టేశాక దెబ్బలు. వాళ్ళు ఫోన్ చేయాల్సింది మహిళల హెల్ప్‌లైన్ 181కో, అత్యవసర నంబరు 112కో. 2005 గృహహింస చట్టం ఉన్నది వాళ్ళ కోసమే. చచ్చిపోవాలన్న ఆలోచన గట్టిపడుతున్న వాళ్ళు కూడా వచ్చే శనివారం దాకా ఆగకూడదు, ఆస్పత్రికి పోవాలి. నాలాగా చెరకు రసం తాగి తిరిగి రాకూడదు.

వడియాలు

పోయిన ఎండాకాలం అత్తమ్మ మిద్దె మీద పాత చీర పరిచి వడియాలు పెట్టింది. వాటిని ఎత్తే వేళ సాయంత్రం ఆరు. శనివారం నేను ట్యాంకు పక్కన మాట్లాడుతుంటే మెట్లెక్కి వచ్చి, చీర దగ్గర కూర్చుని ఒక్కో వడియం తిప్పుతూ ఉండిపోయింది. అంత మెల్లగా వడియాలు తిప్పటం నేను ఎక్కడా చూడలేదు. గొంతు తగ్గించి, మిగిలిన పావుగంట అవునూ కాదులతో నెట్టేశాను.

ఫోన్ పెట్టగానే, "నా మింద చాడీలు చెప్తా ఉండావా?" అంది, తలెత్తకుండా.

"కొన్ని చెప్పినానత్తా."

"ఆయమ్మ ఏమనింది?"

"నిన్నేమీ అనలేదు. మామ పోయి ఎన్నాళ్ళయిందని అడిగింది. అప్పట్నుంచి నువ్వు రాత్రిపూట నిద్రపోతా ఉండావా అని అడిగింది. నాకు తెలీదన్నాను."

చేతిలో వడియం అట్లాగే పట్టుకుని కూర్చుంది. కింద ఎవరో చుట్టాలు గేటు తీస్తున్న చప్పుడు.

"ఇంతకీ తప్పెవరిదంట?"

"చెప్పలేదత్తా."

"చెప్పకుండానే దుడ్లు తీసుకుంటాదా?"

"పన్నెండు వందలు."

"అబ్బో" అని, చీర నాలుగు మూలలూ పట్టి మూట కట్టుకుని దిగిపోయింది.

రెండు వారాల తర్వాత శనివారం ఆరింటికి మిద్దె ఎక్కాను. ఎండ ఇంకా గోడ మీదే ఉంది. వడియాల చీర అప్పటికే ఎత్తేసి ఉంది. ట్యాంకు నీడలో కింద హాల్లోని ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేసి ఉంది.